కాలిన గాయమునకు మందు : మేలు పరీక్షించు విధము

మన సంఘ సభ్యులలో చెఱకు పండించి బెల్లము వండుకొనువారు పెక్కురు గలరు. చెఱకు నఱకుట మొదలైనది లగాయతు వంటపాకలలో పొయ్యిలు రేయింబవళ్లు మండుచుండును. పెనము దించునపుడు గాని, పాకము కలియబెట్టునపుడు గాని ఒడలు కాలుట ఆ పాకలలో క్రొత్త సంగతి కాదు. పొగాకు కాల్చు బారనుల యొద్దను, దుబ్బులు తగులబెట్టు పొలములలోను, ఇండ్లలో వంటకడను ఇట్టి యాపదలు కలుగుచునే యున్నవి. కాలిన వెంటనే ఇరుగుపొరుగువారు తలకొక మందు చెప్పుదురు. అంగడిలో నమ్ము లేపనములు వేఱు. వీనిలో ఏది గాయమును త్వరగా మాన్పును? ఏది మాన్పకపోగా హాని చేయును? ఈ నిర్ణయము ఎట్లు చేయుదురో తెలిసికొనుట రైతునకు కష్టము కాదు. ఏలయన, మందును పరీక్షించు ఆ పద్ధతి మొదట బలపడినది పొలములోనే. ఆ సంగతిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మేము చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట అనకాపల్లి ప్రాంతమున నొక గ్రామములో ఎఱువులను గూర్చి సభ జరిపి, సాయంకాలము ఒక రైతుయొక్క బెల్లపు పాకకడ కూర్చుండి యుంటిమి. ఆయన కుమారుడు, ఇరువదియేండ్ల పడుచువాడు, పెనమునుండి పాకము వంచుచుండగా కాలు జాఱెను. మఱుగుచున్న పాకము అతని కుడి ముంజేతిమీదను వ్రేళ్లమీదను పడెను. మఱిగిన నీరు ఒంటిమీద పడినచో జాఱిపోవును. బెల్లపు పాకమన్ననో, నీటికంటె వేడి గలది. అదియుగాక బంకవలె అంటుకొని, చల్లాఱువఱకు చర్మమును కాల్చుచునే యుండును.

అక్కడి వారందఱును మావైపు చూచిరి. మేము చదువుకొన్నవారము; మేము చెప్పినది చేయుటకు వారు సిద్ధముగా నుండిరి. బాల్యమున మేము మిషను పాఠశాల వసతిగృహమున నుండగా, వంటశాలలో ఎవరికైన చేయి కాలినచో పండ్లు తోముకొను పేస్టు పూయుట చూచియుంటిమి. ఆ పేస్టు చల్లగా తోచును. కావున దానినే తెమ్మంటిమి. గొట్టములోని దంతయు ఆ చేతికి పట్టించి, పైని పసుపు చల్లిరి. "చల్లగా నున్నది అయ్యగారూ" అని ఆ పిల్లవాడు అనగా మేమును సంతోషించితిమి. ప్రక్కనే బానెడు నీరు ఉండెను. ఆ నీటిని ఎవరును ముట్టలేదు.

మూడవనాటికి చేయి వాచి, చీము పట్టి, జ్వరము తగిలెను. అపుడు పట్టణములోని వైద్యశాలకు కొనిపోయితిమి. ఎండి గట్టిపడిన ఆ పేస్టును నానబెట్టి, కొంచెము కొంచెముగా తీయవలసి వచ్చెను. ఆ పని జరుగుచుండగా ఆ పిల్లవాడు పెట్టిన కేకలు మేము మఱచిపోలేదు. పని ముగిసిన పిమ్మట డాక్టరమ్మగారు "ఇది ఎవరు పూయించినారు?" అని యడిగిరి. మేమే యని ఒప్పుకొంటిమి.

"మీరు ఏమి ఉద్యోగము చేయుచున్నారండీ?"

"వ్యవసాయ ప్రదర్శకులమండీ."

"ఒక క్రొత్త ఎఱువు మంచిదని రైతుకు చూపవలెనన్న, మీరేమి చేయుదురు?"

"ఒకే పొలములో కొంత భాగమునకు ఎఱువు వేసి, కొంత వేయక విడిచి, రెంటి దిగుబడియు తూచి చూపుదుము."

"అట్లయిన, ఈ పేస్టు పూయని చేయిని మీరెక్కడ చూచినారు?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. చిన్ననాట చూచినదంతయు పేస్టు పూసిన చేతులే. అవి మానినవి నిజమే. పూయకున్నను మానియుండునేమో యని మాకు తోచనేలేదు. ఎఱువు వేసిన మఱునాడు వాన కురిసినచో, పైరు పచ్చబడుట వానవలననా, ఎఱువువలననా యని రైతునకు బోధించు మేమే, చేయి కాలినపుడు ఆ ప్రశ్న మఱచితిమి. ఆ పిల్లవానికి తొడ చర్మము తీసి ముంజేతికి అతికిరి. ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును నేటికిని పూర్తిగా ముడుచుకొనవు. మా పేస్టు లేకున్నను ఆ గాయము కొంత లోతుగానే యుండెడిదని డాక్టరమ్మగారు మమ్ము ఓదార్చిరి. అయినను ఆ మాటతో మా మనస్సు తేలిక పడలేదు. నాటినుండి ఈ విషయమున చదువదగినవి చదివి, అడుగదగినవారిని అడిగి తెలిసికొన్నదానిని సభ్యులకు మనవి చేయుచున్నాము.

కార్శి తోటయు కాలిన చర్మమును

చర్మము రెండు పొరలుగా నున్నది. పైపొర పలుచన, దాని క్రింది పొర దళసరి. వెండ్రుకల మొదళ్లును చెమట తిత్తులును ఆ క్రింది పొరలో దిగియుండును. పైపొర మాత్రమే కాలినచో ఒడలు ఎఱ్ఱబడి మండును, బొబ్బ లేవదు, ఒక వారము లోపల మానును. క్రింది పొరయొక్క పైభాగము కూడ కాలినచో బొబ్బలు లేచును, నొప్పి మెండుగా నుండును. అట్టి గాయము సాధారణముగా రెండు మూడు వారములలో మానును. క్రింది పొర యంతయు కాలినచో ఆ చోటు తెల్లగా గాని, తోలువలె బిఱుసుగా గాని కనబడును. నరముల కొనలు కూడ కాలిపోవుటచే అక్కడ నొప్పి తక్కువ. నొప్పి లేదు గదా యని ఉపేక్షింపరాదు. అన్నిటిలోను అదియే ప్రమాదకరము.

చెఱకు రైతునకు ఈ భేదము సులభముగా తెలియును. నఱకిన చెఱకు దుబ్బులు నేలలో బ్రతికియున్నచో వానినుండి కార్శి తోట తానే లేచును. దుబ్బులను కూడ పెల్లగించినచో ఎంత నీరు పెట్టినను, ఎంత ఎఱువు వేసినను పిలక లేవదు. మరల ముచ్చెలు నాటవలసినదే. కాలిన చర్మమునందు వెండ్రుకల మొదళ్లును చెమట తిత్తులును దుబ్బుల వంటివి. అవి మిగిలియున్నచో వానినుండియే క్రొత్త చర్మము ప్రాకివచ్చి గాయమును కప్పును. అవి నశించినచో ఏ లేపనమును విశాలమైన గాయమును కప్పలేదు. వేఱొకచోటి చర్మమును తెచ్చి అతుకవలెను. కావున మందుచేత మానుట త్వరపడుననునది నడిమి తరగతి గాయముల విషయమున మాత్రమే యని సభ్యులు గుర్తింపవలెను.

త్వరపడుటవలన లాభమేమని అడుగవచ్చును. గాయము తెఱచియున్నంత కాలము క్రిములు చేరుటకు సందు గలదు. మఱియు మూడు వారములు దాటి మానిన గాయమునకు లావైన మచ్చ గట్టుటయు, ఆ మచ్చ ముడుచుకొని కీళ్లను పట్టివేయుటయు తఱచు జరుగును. నాగలి పట్టు చేతికి, కొడవలి పట్టు వ్రేళ్లకు నాలుగు దినముల యాలస్యము జీవితకాలపు నష్టము కావచ్చును.

పొలమునుండి వైద్యశాలకు

ఇంగ్లండు దేశమున రాథమ్‌స్టెడ్ అను చోట 1843లో ఆరంభించిన గోధుమ పొలమొకటి కలదు. అందు పలువిధములైన ఎఱువులు వేసిన మడులతోపాటు ఏ ఎఱువును వేయని మడి యొకటి మొదటినుండియు ఉంచిరి. ఆ వట్టి మడియే తక్కిన మడులకు కొలబద్ద. అదే క్షేత్రమున 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ అను గణితవేత్త మఱియొక లోపమును సవరించెను. ఎఱువు వేయు మడిని మనుష్యుడు తన కంటితో ఎంచుకొన్నచో, తెలిసియో తెలియకయో మంచి నేలను ఎంచును. ఆపై గెలుపు ఎఱువుదో, నేలదో తెలియదు. కావున ఏ మడికి ఏది వేయవలెనో చీట్లు తీసి నిర్ణయింపవలెనని ఆయన బోధించెను. 1935లో వెలువడిన ఆయన గ్రంథము ఈ పద్ధతిని లోకమున వ్యాపింపజేసెను.

వైద్యులు దీనిని చేకొనిరి. 1948లో ఇంగ్లండున స్ట్రెప్టోమైసిన్ అను మందును క్షయరోగులలో పరీక్షించిన వృత్తాంతము ప్రకటితమయ్యెను. ఆ పరీక్షను ఏర్పఱచిన వారిలో ముఖ్యుడు బ్రాడ్‌ఫర్డ్ హిల్. 107 మంది రోగులను ముందుగా నిర్ణయించి కవరులలో మూసియుంచిన చీట్ల ప్రకారము రెండు తెగలుగా చేసిరి. 55 మందికి మందును పాన్పుపై విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమును ఇచ్చిరి. ఆఱు నెలలకు మొదటి తెగలో 4 గురును, రెండవ తెగలో 14 గురును మరణించిరి. ఇది మందుయొక్క బలమే గాని వైద్యుని యెంపికయొక్క ఫలము కాదని అందఱును ఒప్పుకొనవలసి వచ్చెను.

పరీక్ష లేక నమ్మిన మందులు

ఇట్టి సరిపోల్చుట లేక మందును నమ్మినచో ఏమగునో కాలిన గాయముల చరిత్రయే చెప్పుచున్నది. 1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున డేవిడ్‌సన్ అను శస్త్రవైద్యుడు కాలిన చోట్ల టానిక్ ఆమ్లమును చల్లు చికిత్సను ప్రకటించెను. తోళ్లను పదును చేయుటకు మనవారు వాడు తంగేడు పట్టలో నుండునది ఈ జాతి పదార్థమే. అది గాయముపై తోలువంటి గట్టి పెచ్చును కట్టును. పెచ్చు కట్టగానే గాయము కాఱుట ఆగును, చూపునకు శుభ్రముగా కనబడును. దేశదేశముల వైద్యశాలలు దానిని వాడుకలోనికి తెచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధమున విమానములలో కాలిన యోధులకు చికిత్స చేసిన మెకిండో అను వైద్యుడు, ఆ పెచ్చు వ్రేళ్లను బిగించి పాడుచేయుచున్నదని గట్టిగా చెప్పెను. సముద్రములో పడిన విమానికుల గాయములు మేలుగా నుండుట గమనించి ఆయన ఉప్పునీటి స్నానములను వాడెను. ఆ కాలముననే టానిక్ ఆమ్లము ఒంటిలోనికి ఇంకి కాలేయమునకు హాని చేయుచున్నదనియు తేలెను. దానితో ఆ మందు వాడుక అంతరించెను. మంచి పెచ్చును చూచి మంచి మందనుట, ఏపుగా పెరిగిన ఆకును చూచి గింజ బాగుగా పండుననుట వంటిది.

రెండవ యుదాహరణము నేటికిని అంగళ్లలో దొరకు తెల్లని లేపనము, సిల్వర్ సల్ఫాడయజిన్. 1968లో న్యూయార్కునందలి ఫాక్స్ అను వైద్యుడు దీనిని ప్రకటించెను. క్రిములను అణచు శక్తి దీనికి కలదు. విస్తారముగా కాలినవారిలో చీము పట్టుటను అడ్డుటకు దీనిని లోకమంతటను వాడిరి. కాని చర్మము మానుటను ఇది త్వరపఱచునా యని ఇతరములైన కట్లతో పోల్చి చూడగా ఫలితము వేఱుగా నుండెను. వైద్య పరీక్షలను జల్లెడపట్టు కాక్రేను సంస్థవారి 2013 నాటి సమీక్షలో, సిలికోను పూసిన కట్లు మొదలగువానికంటె ఈ లేపనము వాడిన గాయములు మానుటలో వెనుకబడినవని తేలెను. కలుపును చంపు మందు పైరును కూడ కొంత వాడజేసినట్లు, క్రిములను అణచు ఈ మందు క్రొత్త చర్మపు కణముల పెరుగుదలను కూడ అడ్డగించును. అంతమాత్రమున ఇది విషమని తలపరాదు. క్రిములు బలముగా నున్నచోట వైద్యుడు దీనినే కోరవచ్చును. చెప్పవచ్చినది ఏమనగా, క్రిమిని చంపుట యొకటి, గాయమును మాన్పుట వేఱొకటి. ఒకదానికి చేసిన పరీక్ష రెండవదానికి సాక్ష్యము కాదు.

ఒకే గాయమును రెండు మడులుగా చేసిన పరీక్ష

ఇటీవల ఐరోపాలో జరిగిన పరీక్ష యొకటి మన ప్రదర్శన క్షేత్రమును పోలియున్నది. శీతదేశములలో పెరుగు బిర్చి యను చెట్టు బెరడునుండి తీసిన సారమును పదవ వంతుగా పొద్దుతిరుగుడు నూనెలో కలిపి లేపనము చేసిరి. బొబ్బలు లేచు నడిమి తరగతి కాలుడు గాయములు గల 61 మందిని ఎన్నుకొనిరి. ఒక్కొక్కరి గాయమును రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు ఈ లేపనమును, రెండవ భాగమునకు వాడుకలో నున్న మఱియొక లేపనమును పూసిరి. ఏ భాగమునకు ఏదియో చీటియే నిర్ణయించెను. గాయముల ఛాయాచిత్రములను తీసి, ఏ సగమునకు ఏ మందో తెలియని నిపుణుల యెదుట పెట్టిరి.

ఇందలి సొగసును రైతు గ్రహింపగలడు. ఇద్దఱు మనుష్యులను పోల్చినచో ఒకని వయస్సు, తిండి, మధుమేహము రెండవవానికి లేకపోవచ్చును. ఒకే గాయమున రెండు సగములకు నేల యొకటే, నీరొకటే. గట్టు తెగి ఎఱువు నీరు ప్రక్క మడిలోనికి పాఱినట్లు మందు రెండవ సగమునకు వ్యాపింపకుండ మాత్రము జాగ్రత్త పడవలెను. చిత్రములు చూచువారికి ఏ మందో తెలియకుండుట కూడ ముఖ్యమే. తన విత్తనమే గెలువవలెనని కోరువాడు త్రాసు పట్టరాదు గదా.

ఫలితమేమన, ఏ సగము ముందు మానినదో నిర్ణయింపగలిగిన 35 మందిలో 30 మందికి బిర్చి లేపనము పూసిన సగమును, 5 గురికి రెండవ సగమును ముందు మానినవి. అనగా గెలుపు స్పష్టము. కాని ఎంత ముందు? సగటున సుమారు ఒక దినము. గెలుచుట యొకటి, ఎంతతో గెలుచుట యొకటి. ఎకరమునకు ఒక కుంచము ఎక్కువ పండించు ఎఱువు నిజముగా మంచి యెఱువే. కాని దాని వెల రెండు కుంచములైనచో రైతు కొనడు. ఈ లేపనమునకు ఐరోపా ప్రభుత్వములు 2016 జనవరిలో పెద్దవారి పై గాయములకు అనుమతి నిచ్చినవి. 2022లో అదే లేపనమునకు మఱియొక పేరుతో, పుట్టుకతో వచ్చు చర్మపు బొబ్బల వ్యాధి పుండ్లకు అనుమతి లభించెను.

తేనె సంగతి

మన దేశములోనే జరిగిన పరీక్షలు తేనెకు సంబంధించినవి. తెలుగు సాలెవారు తరతరములుగా స్థిరపడిన సోలాపురమునందలి వైద్య కళాశాలలో ఎం. సుబ్రహ్మణ్యం అను శస్త్రవైద్యులు 104 మందికి చేసిన పరీక్షను 1991లో ప్రకటించిరి. 52 మందికి తేనెలో తడిపిన గుడ్డయు, 52 మందికి సిల్వర్ సల్ఫాడయజిన్ పూసిన గుడ్డయు కట్టిరి. పదునైదు దినములలో తేనె తెగలో నూటికి 87 గాయములును, రెండవ తెగలో నూటికి 10 గాయములును మానినవి. ఇది చాల పెద్ద వ్యత్యాసము.

అయినను ఇట్టి యంకెలు చూచినప్పుడు మూడు సంగతులు తలచుకొనవలెను. మొదటిది, ప్రక్క మడి యెట్టిదో చూడవలెను. మానుటను వెనుకబెట్టు మందుతో పోల్చినపుడు గెలుపు ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. రెండవది, తేనె కట్టిన గుడ్డను రోగియెదుటను వైద్యునియెదుటను దాచుట కష్టము. మూడవది, కాలిన గాయములకు తేనె వాడిన పరీక్షలలో పెక్కు ఈ వైద్యులవే. ఒక్క క్షేత్రమున పండిన విత్తనమును పది నేలలలో చల్లి చూడవలెను గదా. ఇవన్నియు తూచి కాక్రేను సంస్థవారు 2015లో, నడిమి తరగతి గాయములు సాధారణపు కట్లతోకంటె తేనెతో నాలుగైదు దినములు ముందుగా మానుచున్నవని తేల్చిరి. ఈ మాట కొట్టివేయదగినది కాదు. కాని వైద్యశాలలో వాడదగిన తేనె, కిరణములతో శుద్ధి చేసినది. పట్టునుండి పిండిన తేనెలో మన కంటికి కానరాని క్రిమి బీజములు ఉండవచ్చును. అంగడి తేనెలో బెల్లపు పాకమే కలిసియుండవచ్చును. కావున ఇంటిలోని సీసా తెచ్చి పుండుపై పోయవలదు.

మనలను పరీక్షకు పిలిచినచో

వైద్యశాలలో క్రొత్త మందు పరీక్షలో చేరుదురా యని సభ్యులను ఎవరైన అడుగవచ్చును. భయపడి పాఱిపోనక్కఱలేదు, తెలియక వ్రేలిముద్ర వేయనును గూడదు. మన దేశమున 2019 నాటి నియమముల ప్రకారము, పరీక్షయొక్క వివరములను రోగికి అర్థమగు భాషలో వ్రాసి చెప్పి, సమ్మతి గైకొనవలెను. వైద్యశాలనుండి గాక స్వతంత్రముగా యోచించు నీతి సంఘము ముందుగా దానిని ఆమోదింపవలెను. ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును. మానుకొన్నందున మామూలు చికిత్సకు లోపము రారాదు. పరీక్షవలన హాని కలిగినచో వైద్యమును నష్టపరిహారమును పొందు హక్కు కలదు. మన దేశమున జరుగు మందుల పరీక్షలను ముందుగా నమోదు చేయు పట్టిక 2007లో ఏర్పడి, 2009 నుండి నిర్బంధమైనది. ఓడిపోయిన పరీక్షలను దాచిపెట్టి గెలిచినవానినే చాటకుండుటకు ఈ కట్టుబాటు.

ఎవరైన క్రొత్త లేపనమును పొగడినపుడు సభ్యులు ఈ ప్రశ్నలు వేయవలెను. ఏ తరగతి గాయముపై చూచినారు? ప్రక్క మడిలో ఏమి వేసినారు? ఎవరికి ఏ మందో చీటి నిర్ణయించినదా, మనుష్యుడు నిర్ణయించినాడా? కొలిచినవానికి ఏ మందో తెలియునా? ఎన్ని దినముల లాభము, ఎంత వెల? జవాబు లేనిచో, మేము నాడు పూయించిన పేస్టు వంటిదే అది.

అన్ని మందులకంటె ముందు నీరు

చివరకు అందఱికిని పనికివచ్చు మాట. కాలిన వెంటనే చేయదగిన చికిత్సకు డబ్బు అక్కఱలేదు. 2020లో ఆస్ట్రేలియా దేశపు క్వీన్సులాండునుండి 2,495 మంది కాలిన పిల్లల లెక్క వెలువడినది. కాలిన మూడు గంటల లోపల ఇరువది నిమిషములు పాఱు నీటిక్రింద చల్లార్చిన పిల్లలలో, చర్మము అతుకవలసివచ్చు అవకాశములు సుమారు నూటికి 40 పాళ్లు తగ్గినవి. ఇది చీట్లు తీసి చేసిన పరీక్ష కాదు. కాలిన పిల్లవానికి నీరు పోయక విడిచి చూచుట అధర్మము. అయినను జంతువులపై చేసిన పరీక్షలును ఈ మాటనే బలపఱచుచున్నవి. నీరు దుబ్బులను కాపాడును. లేపనములన్నియు మిగిలిన దుబ్బులనుండి పిలకలు లేపుటకే.

కావున కాలిన చోటును వెంటనే ఇరువది నిమిషములు పాఱు నీటిక్రింద ఉంచుడు. కుళాయి లేనిచో చెంబుతో పోయుచునే యుండుడు. మంచుగడ్డ పెట్టవలదు. చిన్నపిల్లలకును, ఒడలు విస్తారముగా కాలినవారికిని వణకు రాకుండ తక్కిన శరీరమును కప్పుడు. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీయుడు. అంటుకొన్న బట్టను లాగవలదు. బొబ్బ చిదుపవలదు. పేస్టు, సిరా, పసుపు, నేయి, పేడ, బూడిద ఏదియు పూయవలదు. పిమ్మట శుభ్రమైన ఉతికిన గుడ్డతో వదులుగా కప్పుడు. పొడి సున్నము పడినచో మొదట దులిపి, తరువాత నీరు మెండుగా పోయుడు. మోటారు తీగవలన కాలినచో కరెంటు ఆపకమునుపు మనిషిని తాకరాదు. పైకి చిన్న మచ్చయైనను లోపల కండరములు చెడియుండవచ్చును. గాయము రోగి అఱచేతికంటె పెద్దదైనను, ముఖము, చేతులు, పాదములు, కీళ్లు కాలినను, రోగి పసివాడో వృద్ధుడో అయినను వైద్యశాలకు పోవుటయే మార్గము. 108కి చెప్పినచో బండి వచ్చును. ధనుర్వాతపు సూది సంగతి మఱువరాదు.

గడచిన శీతకాలమున మేము ఆ గ్రామమునకు మరల పోయితిమి. ఆ పిల్లవాడు ఇప్పుడు పాక యజమాని. పొయ్యికి పది అడుగుల దూరమున, మూతయు కుళాయియు గల నీటి పీపా నొకదానిని ఎత్తైన అరుగుపై నిలిపినాడు. "ఇది త్రాగుటకు కాదు అయ్యగారూ, కాలినవానికి" అని చెప్పి, ముడుచుకొనని ఆ వ్రేళ్లతోనే కుళాయి త్రిప్పి చూపినాడు. ఈ సంవత్సరము చెఱకు నఱకకమునుపే ప్రతి వంటపాకలోను అట్టి పీపా యొకటి నిలుపవలెనని మన సంఘము తీర్మానించినచో, అందుకు పాకకు కొంత అప్పు ఇచ్చినచో, ఏ లేపనమును కొనుటకంటె మేలగునని మేము సభ్యులను కోరుచున్నాము.